హాపర్ నలుపు: ఒక చిత్రకారుణ్ణి తయారుచేసిన ఎచింగ్ ప్రెస్

హనుమకొండలో ఏదో ఒక కాఫీ షాపు గోడ మీద ఎడ్వర్డ్ హాపర్ ‘నైట్‌హాక్స్’ వేలాడుతోందనుకుందాం. అర్ధరాత్రి, వీధి మలుపులో హోటలు, పెద్ద అద్దం వెనక నలుగురు మనుషులు, బయట నరమానవుడు లేని రోడ్డు. ఏమిటిది అంటే ‘ప్రింట్’ అంటారు. అదే హాపర్ 1921లో చేసిన ‘నైట్ షాడోస్’నీ ‘ప్రింట్’ అనే అంటారు. మాట ఒకటే గానీ ఈ రెండింటికీ చుట్టరికం లేదు. ‘నైట్‌హాక్స్’ అసలు బొమ్మ కాన్వాసు మీద నూనెరంగులతో వేసింది. సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు, 152 సెంటీమీటర్ల వెడల్పు. అది షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. కాఫీ షాపులో ఉన్నది దాని ఫొటోకు యంత్రం తీసిన నకలు. ‘నైట్ షాడోస్’కు మాత్రం వేరే అసలు అంటూ ఏదీ లేదు. రేకు మీద గీసి, యాసిడ్‌తో కొరికించి, ఇంకు పట్టించి, తడి కాగితం మీద నొక్కి తీసిన ప్రతి కాగితమూ అసలే. ఈ పద్ధతి పేరే ఎచింగ్, అలా నొక్కే యంత్రం ఎచింగ్ ప్రెస్.

తేడా పట్టుకోవడం కష్టమేం కాదు. కంసాలి దగ్గరుండే పది రెట్ల భూతద్దం చాలు. ఆఫ్‌సెట్ నకలులో వరసలు తీరిన రంగు చుక్కలు కనిపిస్తాయి, ఇంక్‌జెట్ నకలులో చల్లినట్టున్న సన్నటి తుంపర కనిపిస్తుంది. ఎచింగ్‌లో చుక్కలుండవు. గీత మీద ఇంకు కాస్త ఉబ్బుగా నిలబడి ఉంటుంది, బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి దిగిన నొక్కు ఉంటుంది. వెనక్కి తిప్పి ఏటవాలు వెలుతురులో చూస్తే ఆ నొక్కు ఇంకా బాగా తెలుస్తుంది.

ఇక్కడినుంచే హాపర్ జీవితంలోని అసలు ముడి మొదలవుతుంది. నూనెరంగుల చిత్రకారుడిగా ప్రపంచమంతా ఎరిగిన ఈ మనిషి నలభై ఏళ్లు దాటేదాకా నూనెరంగుల్లో దాదాపు విఫలుడు. 1882లో న్యూయార్క్ దగ్గర నయాక్ అనే ఊళ్లో పుట్టాడు. న్యూయార్క్ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో రాబర్ట్ హెన్రీ దగ్గర చదువుకున్నాడు. 1906–1910 మధ్య మూడుసార్లు పారిస్ వెళ్లొచ్చాడు. 1913లో న్యూయార్క్‌లో జరిగిన ఆర్మరీ షో అనే పెద్ద కళా ప్రదర్శనలో ‘సెయిలింగ్’ అనే బొమ్మ 250 డాలర్లకు అమ్ముడైంది. ఆ తర్వాత పెయింటింగ్ మళ్లీ అమ్ముడవడానికి పదేళ్లు పట్టింది. 1920లో విట్నీ స్టూడియో క్లబ్‌లో తొలిసారి ఒంటరిగా ప్రదర్శన పెట్టాడు. ఎక్కువగా పారిస్ దృశ్యాలే, మొత్తం 16 బొమ్మలు. ఒక్కటీ పోలేదు. కడుపు నింపింది పత్రికలకూ ప్రకటనలకూ వేసిన బొమ్మల పని. ఆ పనంటే అతనికి ఒళ్లుమంట. వారంలో మూడు రోజులు దానికిచ్చి, మిగతా రోజులు తన పనికి దాచుకునేవాడు.

1915లో ఎచింగ్ మొదలుపెట్టాడు. పరికరాల సంగతి, యాసిడ్ సంగతి చెప్పింది ఆస్ట్రేలియా నుంచి వచ్చి న్యూయార్క్‌లో స్థిరపడిన మార్టిన్ లూయిస్. 1923 దాకా హాపర్ సుమారు 70 రేకులు చేశాడు, 1928 వరకు అడపాదడపా డ్రైపాయింట్ (యాసిడ్ లేకుండా సూదితో నేరుగా లోహాన్నే గీసే పద్ధతి) తీశాడు. అతని జీవిత కథ రాసేవాళ్లు చాలామంది ఈ ఎనిమిదేళ్లనూ ఒక పేరాలో దాటేస్తారు, పెయింటింగ్ తోచక చేసిన పక్కపని అన్నట్టు. అది తప్పు. ఇప్పుడు మనం ‘హాపర్’ అని గుర్తుపట్టేదంతా, అంటే రాత్రి, కిటికీ, ఒంటరి మనిషి, ఏటవాలు వెలుగు, రైలుపట్టా, అన్నీ ముందు రేకు మీద కుదిరాయి. కాన్వాసు మీదికి తర్వాత ఎక్కాయి. ఎందుకు కుదిరాయో తెలియాలంటే ఎచింగ్ పని ఎలా జరుగుతుందో తెలియాలి.

రాగిరేకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ముందుగా నాలుగు అంచులనూ ఆకురాయితో 45 డిగ్రీల వాలుగా రాకాలి. ఇది బద్ధకించారా, ప్రెస్ కింద పదునైన అంచు కాగితాన్ని కోస్తుంది, పైన పరిచే ఖరీదైన ఫెల్టు గుడ్డనూ కోస్తుంది. తర్వాత జిడ్డు తీయాలి. సుద్దపొడి, కొంచెం అమ్మోనియా కలిపి రుద్దడం స్టూడియో పద్ధతి. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమే ఇళ్లలో పుట్టినవాళ్లకు రాగి మీద చిలుము వదిలించడం నేర్పనక్కర్లేదు గానీ, చిలుము పోయినంత మాత్రాన జిడ్డు పోయినట్టు కాదు. రేకు మీద నీళ్లు పోసి చూడాలి. నీరు ముత్యాల్లా విడిపోతే జిడ్డు ఉన్నట్టు, పొరలా పరుచుకుంటే పోయినట్టు. జిడ్డు మిగిలిన చోట పూత లేచిపోతుంది, యాసిడ్ అడగకుండానే లోపలికి వెళ్తుంది.

పూత అంటే ‘గ్రౌండ్’. తేనెమైనం రెండు పాళ్లు, గట్టి తారు రెండు పాళ్లు, రోజిన్ అనే పైన్‌చెట్టు బంక ఒక పాలు కరిగించి చేసే ఉండ. రేకును వేడిచేసి ఈ ఉండను రాసి, రోలర్‌తో పలుచగా, ఒకే మందంలో పరుస్తారు. పూత వెచ్చగా ఉండగానే రేకును తలకిందులు చేసి కొవ్వొత్తి మంట మీద ఆడిస్తే మసి పట్టి నల్లగా నిగనిగలాడుతుంది. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టడం లాంటిదే. మంట ఒకేచోట ఆగితే మాత్రం పూత మాడిపోతుంది, మాడిన పూత పెళుసెక్కి గీస్తుంటే పెచ్చులూడుతుంది.

ఆ నల్లటి పూత మీద సూదితో గీస్తారు. సూది రాగిని కోయకూడదు, పూతను మాత్రం తొలగించాలి. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే బలం పెడతారు. గీతకు లోతు ఇచ్చేది చెయ్యి కాదు, యాసిడ్‌లో ఉంచిన సమయం. ఇంకో చిక్కు, బొమ్మ అచ్చులో తిరగబడుతుంది. రబ్బరు స్టాంపులు చెక్కేవాళ్లకు తెలిసిన విషయమే. దుకాణం బోర్డు మీది అక్షరాలు రేకు మీద అద్దంలో చూసినట్టు రాయాలి, కుడిచేతివాటం మనిషిని ఎడమచేతివాటంగా గీయాలి.

రేకు వెనకవైపు, అంచులు వార్నిష్‌తో మూసి యాసిడ్‌లో దించుతారు. హాపర్ కాలంలో నైట్రిక్ యాసిడ్, లేదా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో పొటాషియం క్లోరేట్ కలిపిన ‘డచ్ మోర్డెంట్’ వాడుక. నైట్రిక్ రాగిని తినేటప్పుడు గోధుమరంగు విషవాయువు వస్తుంది, కిటికీలు తెరిచి ఉంచినంత మాత్రాన సరిపోదు. నీళ్లలో యాసిడ్ పోయాలే తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఇప్పుడు రాగికి ఎక్కువమంది వాడేది ఫెర్రిక్ క్లోరైడ్. సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు వాడే సరుకే కాబట్టి ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. ప్లాస్టిక్ తొట్టిలోనే పోయాలి, అల్యూమినియం గిన్నెను తినేస్తుంది. ఇందులో రేకును బోర్లా వేలాడదీయాలి. వెల్లకిలా పెడితే గీతల్లో మడ్డి పేరుకుని కొరుకుడు ఆగిపోతుంది. తాజా ద్రవంలో 5–10 నిమిషాలకు వెంట్రుకంత గీత, 45 నిమిషాల నుంచి గంటకు లోతైన నల్ల గీత వస్తాయని పుస్తకాల లెక్క. ఆ లెక్క చల్లటి దేశాలది. వరంగల్ మే నెలలో ద్రవం కూడా వేడెక్కి చాలా త్వరగా కొరుకుతుంది. చిన్న రేకుముక్క మీద పరీక్ష చేసుకోకుండా అసలు రేకు దించితే పక్కపక్క గీతల మధ్య గోడలు కూలిపోతాయి. అలా కూలిన చోట చిక్కటి నలుపు వస్తుందనుకుంటారు, కానీ వచ్చేది బూడిదరంగు మచ్చ. ఎందుకంటే ఇంకు నిలవాలంటే సన్నటి కాలువ కావాలి. వెడల్పు గుంటలో ఇంకు నిలవదు, గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది.

తేలికగా కావాల్సిన గీతలను ముందుగా బయటికి తీసి వార్నిష్‌తో మూసేసి, మిగతావాటిని మళ్లీ దించుతారు. ఇలా నాలుగైదు విడతలు. అంటే ఎచింగ్ చేసేవాడు వెలుగునీడలను రంగుగా కాక నిమిషాలుగా లెక్కపెట్టుకోవాలి. ఏది అందరికన్నా నల్లన, ఏది దానికన్నా ఒక మెట్టు తక్కువ, ఏది అసలు ముట్టుకోకూడదు, ఇదంతా ముందే తేల్చుకోవాలి. కాన్వాసు మీద పారిస్ పొగమంచు రంగులు పూస్తూ తడుముకుంటున్న మనిషికి ఈ క్రమశిక్షణ ఏం చేసి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పూత కడిగేశాక అచ్చు. రేకును గోరువెచ్చగా చేసి, చిక్కటి ఇంకు గీతల్లోకి కూరి, గంజిపెట్టిన పలుచని వలగుడ్డతో గుండ్రంగా తుడుస్తారు, చివర్లో సుద్ద రాసుకున్న అరచేత్తో. ఎంత తుడవాలన్నదే అచ్చుకళలో సగం విద్య. కొంచెం ఇంకు పొర వదిలేస్తే రేకంతా మసక వెలుతురు పరుచుకుంటుంది. దీన్ని ‘ప్లేట్ టోన్’ అంటారు. బలహీనమైన గీతలను దాచడానికి దీన్ని వాడుకునేవాళ్లు చాలామంది. హాపర్ దారి దీనికి ఎదురు. దొరికినవాటిలోకెల్లా తెల్లనిదని ఉంబ్రియా అనే ఇటాలియన్ కాగితం, గాఢమైన నలుపు కోసం విదేశం నుంచి తెప్పించుకున్న ఇంకు వాడాడు. నలుపు నల్లగా, తెలుపు తెల్లగా కనబడాలి. మధ్యలో మెత్తదనం అతనికి అక్కర్లేదు.

కాగితం ముందుగా తడిపి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి పైతడి పీల్చాలి. తళతళ పోవాలి, చల్లదనం మిగలాలి. ఎక్కువ తడి ఉంటే ఇంకు పట్టదు, ఆరిపోతే గీతల లోపలికి దిగదు. ఎండాకాలం మన దగ్గర ఫ్యాను కింద పెట్టిన కాగితం అంచులు కొన్ని నిమిషాల్లోనే ఆరిపోయి, బొమ్మ నడుమ నల్లగా, చుట్టూ వెలిసిపోయి వస్తుంది. రేకు తప్పేమోనని మళ్లీ యాసిడ్‌లో దించేవాళ్లున్నారు. ముందు ఫ్యాను ఆపి చూడాలి.

ఇక ‘నైట్ షాడోస్’. రేకు చిన్నదే, ఏడంగుళాలకు ఎనిమిదంగుళాలు, అటూఇటూగా. పై అంతస్తు నుంచి కిందికి చూస్తున్నాం. మలుపులో దుకాణం, కాలిబాట మీద ఒక్క మనిషి, అతను నడిచే దారికి అడ్డంగా ఒక స్తంభం నీడ పొడుగ్గా పడి ఉంది. దీపం మాత్రం బొమ్మలో లేదు. కాజీపేట జంక్షన్‌లో పాదచారుల వంతెన మీద అర్ధరాత్రి నిలబడి ప్లాట్‌ఫాం వైపు చూసినవాళ్లకు ఈ చూపు కొత్తది కాదు. మనిషి తలా భుజాలూ కనిపిస్తాయి, ముఖం కనిపించదు, మనిషికన్నా నీడే పెద్దది. నలుపంతా గీతల అల్లిక, ఒకదాని మీదొకటి అడ్డంగా, ఏటవాలుగా. నీడ ఎక్కడ తెగిపోతే అక్కడ కాగితం తెలుపు. దాన్నెవరూ ‘వేయలేదు’, ముట్టుకోకుండా వదిలేశారంతే.

అదే ఏడాది చేసిన ‘ఈవెనింగ్ విండ్’లో ఈ పద్ధతి ఇంకా తెగింపుగా ఉంటుంది. మంచం మీదికి మోకాలు పెట్టి ఎక్కుతున్న స్త్రీ, గాలికి లోపలికి ఎగిరిన తెర, ఆమె తల కిటికీ వైపు తిరిగి ఉంది. కిటికీ అవతల ఏముంది? ఏమీ లేదు, ఉత్త కాగితం. అయినా చూసేవాడికి అక్కడ వెలుగూ గాలీ ఉన్నట్టే అనిపిస్తుంది. తెర గీతల వంపు ఆ పని చేసిపెట్టింది.

హాపర్ అనగానే ‘పట్టణపు ఒంటరితనం’ అనడం అలవాటైపోయింది. నిజమే కావచ్చు, కానీ ఆ మాటతో బొమ్మ గురించి ఏమీ చెప్పినట్టు కాదు. ఒంటరితనం చాలామంది వేశారు. ఇతని దగ్గర అది పనిచేయడానికి కారణం ఎక్కడ చూడాలో అక్కడే వెలుగు పెట్టి, ఎందుకు చూడాలో చెప్పకుండా ఆపేయడం. ఆ ఆపడం రేకు నేర్పింది.

రేకుల నుంచి కాన్వాసులకు దారి వేలుపెట్టి చూపించవచ్చు. 1920 నాటి ‘అమెరికన్ లాండ్‌స్కేప్’లో ఆవులు రైలుపట్టా దాటుతుంటాయి, పట్టా బొమ్మను అడ్డంగా కోస్తుంది, వెనక ఒంటరి ఇల్లు. ఆవులను తీసేసి ఇంటి దగ్గరికి జరిగితే 1925 నాటి ‘హౌస్ బై ద రైల్‌రోడ్’ వస్తుంది, పట్టా ఇంటి పాదాలను కోసేసినట్టు. 1930లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ సేకరణలో చేరిన మొదటి నూనెరంగుల చిత్రం ఇదే. ‘ఈస్ట్ సైడ్ ఇంటీరియర్’లో కుట్టుమిషను ముందు కూర్చుని కిటికీ వైపు తిరిగిన స్త్రీ తర్వాత ముప్పై ఏళ్లపాటు అతని గదుల్లో తిరుగుతూనే ఉంటుంది, 1952 నాటి ‘మార్నింగ్ సన్’ దాకా. ‘నైట్ షాడోస్’ మలుపు దుకాణానికి లోపల దీపం వెలిగిస్తే ‘నైట్‌హాక్స్’కు ఎంతో దూరం లేదు. 1942 జనవరిలో దాన్ని పూర్తిచేశాడు, కొన్ని నెలలకే షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 3,000 డాలర్లకు కొంది.

డబ్బు, పేరు కూడా ముందు ఎచింగ్ నుంచే వచ్చాయి. పెయింటింగులు తిరస్కరించిన ప్రదర్శనలు రేకు అచ్చులను తీసుకున్నాయి. 1923లో ‘ఈస్ట్ సైడ్ ఇంటీరియర్’కు షికాగో ఎచర్ల సంఘం బహుమతి వచ్చింది. అదే వేసవిలో మసాచుసెట్స్ తీరంలోని గ్లౌస్టర్ అనే ఊళ్లో నీటిరంగులు మొదలుపెట్టాడు. అలా ప్రోత్సహించింది చిత్రకారిణి జోసెఫీన్ నివిసన్. వాటిలో ‘ద మాన్సర్డ్ రూఫ్’ను బ్రూక్లిన్ మ్యూజియం 100 డాలర్లకు కొంది. పదేళ్ల తర్వాత రెండో అమ్మకం అన్నది ఇదే. 1924లో జోసెఫీన్‌ను పెళ్లి చేసుకున్నాడు, ఆ శరదృతువులోనే ఫ్రాంక్ రేన్ గ్యాలరీలో పెట్టిన నీటిరంగులన్నీ అమ్ముడుపోయాయి. పత్రికల పని మానేశాడు. రేకు పనీ దాదాపు అక్కడితో ఆగింది. 1913 నుంచి ఉంటున్న వాషింగ్టన్ స్క్వేర్ ఇంట్లోనే, 74 మెట్లెక్కాల్సిన పై అంతస్తులో, 1967లో చనిపోయేదాకా ఉన్నాడు. ఏ బొమ్మలో ఏ రంగులు వాడాడు, ఎంతకు పోయింది అన్నది, హాపర్ వేసిన చిన్న స్కెచ్‌ల పక్కన, జోసెఫీన్ ఖాతా పుస్తకాల్లో రాసిపెట్టింది. హాపర్ మీద పరిశోధనకు ఆ పుస్తకాలే వెన్నెముక. ఆమె సొంత చిత్రకళకు మాత్రం అంత చోటు దొరకలేదు.

మరి అతనికి యాసిడ్ సంగతి చెప్పిన లూయిస్? ప్రెస్ మీద చెయ్యి తిరగడంలో హాపర్‌కన్నా అతనే నాలుగాకులు ఎక్కువ చదివాడు. 1929 నాటి ‘గ్లో ఆఫ్ ద సిటీ’, 1930 నాటి ‘షాడో డాన్స్’ చూస్తే డ్రైపాయింట్‌లో అంత మెత్తటి వెలుగు సాధ్యమా అనిపిస్తుంది. డ్రైపాయింట్‌లో యాసిడ్ ఉండదు, సూదితో నేరుగా లోహాన్నే చీలుస్తారు. గీత పక్కన లేచిన లోహపు గరుకులో ఇంకు పట్టి మఖమల్ నలుపు వస్తుంది, కానీ ప్రెస్ ఒత్తిడికి ఆ గరుకు పదీ ఇరవై అచ్చులకే నలిగిపోతుంది. రేకుకు ఉక్కుపూత వేయిస్తే ఇంకొన్ని వస్తాయి. లూయిస్ ఈ విద్యను అంచుదాకా తీసుకెళ్లాడు. 1929 షేర్ మార్కెట్ పతనం తర్వాత అచ్చుచిత్రాలు కొనేవాళ్లు మాయమయ్యారు. అతను న్యూయార్క్ వదిలి కనెక్టికట్ వెళ్లి కొన్నేళ్లకు తిరిగొచ్చాడు, తర్వాత ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పాఠాలు చెప్పాడు, 1962లో పోయేనాటికి పెద్దగా ఎవరికీ గుర్తులేడు. ఇద్దరిలో తేడా ప్రతిభది మాత్రమే అనుకుంటే పొరపాటు. హాపర్ 1924కే రేకు నుంచి దాటుకున్నాడు, లూయిస్ రేకు మీదే నిలబడ్డాడు. కొనుగోలుదారుల లోకం రెండోదాన్ని ముంచింది.

అచ్చుచిత్రాలకు విలువ కట్టడంలో మన దగ్గరా ఈ తికమక ఉంది. నిజాంపూర్‌లో పుట్టి బరోడాలో ఈ విద్య నేర్చుకున్న లక్ష్మాగౌడ్ ఎచింగ్‌ల ముందు నిలబడి ‘ఇది ప్రింటేగా, ఒరిజినల్ ఎక్కడ’ అనడం ఆ తికమకే. బొమ్మ కింద పెన్సిల్‌తో 12/50 అని ఉంటే ఆ ఎడిషన్‌లో 50 తీశారు, ఇది పన్నెండో నంబరుది అని అర్థం. పన్నెండోది ముప్పయ్యోదానికన్నా తప్పనిసరిగా మెరుగని కాదు, అచ్చులు ఆరబెట్టి పోగేసి నంబర్లు వేస్తారు కాబట్టి తీసిన వరుస తారుమారవుతుంది. డ్రైపాయింట్‌కు మాత్రం మొదట తీసినవాటికి నిజంగానే విలువ ఎక్కువ, కారణం పైన చెప్పిన గరుకే. ‘ఏ.పి.’ అని ఉంటే అది చిత్రకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతి. ‘స్టేట్’ అంటే రేకు పని మధ్యలో పరీక్షగా తీసినది. తర్వాత గీతలు చేరాయి, లేదా గీకి తీసేశారు.

ఇలాంటి కాగితం ఇంట్లో ఉంటే లామినేషన్ చేయించకండి. మన ఊళ్లలో సర్టిఫికెట్లకు చేసే పనే అయినా, వేడికీ జిగురుకూ నొక్కు చదునైపోతుంది, మళ్లీ ఊడదీయడం కుదరదు. ఫ్రేములో సరిపోలేదని తెల్ల అంచులు కత్తిరించకూడదు. సంతకమూ నంబరూ అక్కడే ఉంటాయి, నొక్కు మొత్తం కనబడాలి. ఫ్రేము కట్టేవాళ్లు వెనక ప్లైవుడ్ పెడతారు, కొన్నేళ్లకు దాని ఆమ్లం దిగి కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. మధ్యలో ఆమ్లరహిత మౌంట్ బోర్డు అడిగి వేయించుకోవాలి. అద్దం బొమ్మను తాకకుండా ముందువైపు కూడా మౌంట్ ఉండాలి, లేకపోతే ఆగస్టు తేమకు కాగితం అద్దానికి అంటుకుంటుంది. ముసురు రోజుల్లో బయటిగోడకు ఆనించి వేలాడదీస్తే వెనక బూజు పడుతుంది. ఫ్రేము వెనక రెండు మూలల్లో చిన్న బెండు ముక్కలు అతికిస్తే గోడకూ దానికీ మధ్య గాలి ఆడుతుంది.